మన వీథులలోని బొమ్మలు



నా యూరు అంగళ్లు. మదనపల్లెనుండి కదిరికి పోవు బాటమీద నున్నది. అంగడి యను మాటకు బహువచనము అంగళ్లు అని వ్యాకరణ పాఠమున పిల్లలకు చెప్పునపుడెల్ల మా యూరి పేరే నాకు ఉదాహరణముగా నుపయోగపడెడిది. అంగడి యున్నచోట దాని పేరు వ్రాసిన పలక యుండును. పలక యున్నచోట దానిని వ్రాసిన చేయి యొకటి యుండును. ఆ చేతిని గుఱించియు, అది మన గోడలమీద వ్రాయు బొమ్మలను గుఱించియు నాలుగు మాటలు చెప్పుటకు నేడు మీ ముందునకు వచ్చితిని.

నేను చిత్రకారుడను కాను. అమరము, ఆంధ్రనామసంగ్రహము వల్లెవేసి, రఘువంశము చదివి, బాలవ్యాకరణమును కంఠస్థము చేసి, తెలుగు పండితుడనై ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పి, కొన్నియేండ్ల క్రిందట విశ్రాంతి గైకొన్నవాడను. బొమ్మలను గుఱించి మాటలాడుటకు నాకు గల యర్హత యొక్కటే. ఒక బొమ్మ విషయమున నేనొక తప్పు చేసితిని. ముందుగా దానిని మీకు విన్నవించుకొందును.

1988 ప్రాంతమున నేనొక పల్లెబడిలో పనిచేయుచుంటిని. భోజనానంతరము నాకు కొంచెము కునుకుపట్టు అలవాటుండెడిది. ఒకనాడు ఏడవ తరగతి పిల్లలకు కుంభకర్ణుని మేలుకొలుపు కథ చెప్పి, ఇక చదువుకొనుడని పలికి, కుర్చీలో నొక్క క్షణము కన్నుమూసితిని. మెలకువ వచ్చి వెలుపలికి పోవునప్పటికి బడివెనుక గోడయొద్ద పిల్లలందఱు మూగి నవ్వుచుండిరి. క్రొత్తగా సున్నము కొట్టించిన గోడ యది. దానిమీద బొగ్గుతో వ్రాసిన ఆఱడుగుల కుంభకర్ణుడు పండుకొని యున్నాడు. చెవియొద్ద భేరి మ్రోగించు రాక్షసులును, బొజ్జపై నడచు ఏనుగులును ఉన్నవి. కాని కుంభకర్ణుని ముక్కు నాది. ముక్కుమీదికి జాఱిన కళ్లజోడు నాది. చంకలో నిఱికించుకొన్న గొడుగును నాదే.

వ్రాసినవాడెవడో తెలిసికొనుటకు విచారణ యక్కఱలేకపోయెను. వాని వ్రేళ్లు నల్లగా నుండెను. బెత్తముతో నాలుగు కొట్టితిని. సున్నపు తొట్టి తెప్పించి, ఆ గోడను వానిచేతనే తుడిపించి, వానిచేతనే మరల సున్నము కొట్టించితిని. వాడు ఏడ్వలేదు, ఎదురాడలేదు. ఏనుగులను తుడుచునపుడు మాత్రము కొంచెము తడవు చేయి నిలిపెను. అది నేను చూచితిని. ఆ ముక్కు నిజముగా నా ముక్కేయనియు, పండ్రెండేండ్ల పిల్లవాడు కొలబద్ద లేకయే అంతటి దేహమును గోడమీద పొంకముగా నిలిపినాడనియు నాకు తోచకపోలేదు. తోచినను, గోడ పాడయ్యెనన్న కోపమే గెలిచెను.

ఆ కోపము చదువురానివానికి వచ్చినచో క్షమింపవచ్చును. నాకు రాదగినది కాదు. ఏలనన, గోడమీది బొమ్మను గౌరవించిన గ్రంథములనే నేను చదివితిని. విష్ణుధర్మోత్తరమున చిత్రసూత్రమను భాగము కలదు. అందు మార్కండేయుడు వజ్రునకు చిత్రవిద్యను బోధించుచు, నృత్తము తెలియనివానికి చిత్రము తెలియదనియు, కళలన్నింటిలో చిత్రము శ్రేష్ఠమనియు చెప్పును. ఇండ్ల గోడలమీద శృంగార హాస్య శాంత రసములకు చెందిన బొమ్మలు తగునని కూడ నందు గలదు. హాస్యమునకు శాస్త్రమే చోటిచ్చినది, నేను బెత్తమిచ్చితిని. క్రీడాభిరామము మన తెలుగులో వీథి యను రూపకజాతికి చెందిన కావ్యము. అందు మంచనశర్మ, టిట్టిభసెట్టి యను స్నేహితులిద్దఱు ఓరుగంటి వీథులవెంట తిరుగుచు, మాచల్దేవి చిత్రశాలను, అందలి బొమ్మలను కనులార చూతురు. ఈ ఘట్టమును నేనెన్నిసార్లో రసవంతముగా వివరించితిని. కావ్యములోని గోడను మెచ్చుకొంటిని, బడిగోడను మెచ్చుకొనలేకపోతిని.

గ్రంథముల మాట యటుండనిండు. మా కదిరి బాటనే పట్టుకొని ముందునకు సాగినచో ములకలచెరువు ప్రాంతమున సోంపాళెము కలదు. అచ్చటి చెన్నకేశవస్వామి గుడిలో విజయనగర కాలపు రంగుబొమ్మలు కలవు. ఇంకను పోయి, హిందూపురము చెంతనున్న లేపాక్షి చేరినచో, అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయమున మంటపముల పైకప్పంతయు బొమ్మలే. పార్వతీకల్యాణము, ద్రౌపదీస్వయంవరము, కిరాతార్జునీయము అచ్చట చూడవచ్చును. ఆవుదూడను రథము క్రింద త్రొక్కించిన కొడుకునకు తండ్రియైన రాజే మరణదండన విధించిన మనునీతిచోళుని కథయును కలదు. నాడు అక్షరము రాని బాటసారి యెండకు మంటపమున కూర్చుండి తల పైకెత్తినచో నాలుగు పురాణములు చదివి లేచెడివాడు. బొమ్మ యనునది చదువురానివాని పుస్తకము. గోడ యనునది డబ్బులేనివాని చిత్రశాల. మన పెద్దలకీ మాట తెలియును.

అంతకంటె పురాతనమైన వీథిచిత్రము మన వాకిటనే కలదు. పండ్రెండవ శతాబ్దమున పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను గ్రంథమున చిత్రభేదములు చెప్పుచు ధూళిచిత్రమును పేర్కొనెను. ధూళిచిత్రమనగా పొడితో నేలపై వ్రాయునది. మన ముగ్గు అట్టిదే. ధనుర్మాసమున కోడి కూయకముందే లేచి, పేడనీళ్లు చల్లి, చలిలో వ్రేళ్లు కొంకర్లు పోవుచున్నను చుక్కలు పెట్టి, చుక్కను చుక్కతో కలుపు ఆడుబిడ్డ యే చిత్రకారునకు తీసిపోవును? ఆ బొమ్మను బాటసారులు త్రొక్కుదురు. బియ్యపుపిండి యైనచో చీమలు తినును. మఱునాటికి గుఱుతుండదు. మరల క్రొత్తది పుట్టును. సంక్రాంతి సాగనంపునాడు రథముగ్గు వేసి, దాని పగ్గమును పొరుగింటి రథముతో కలుపుదురు. అట్లు ఇంటినుండి యింటికి సాగి వీథి యంతయు నొక్క బొమ్మ యగును. 1974లో మదరాసునందు సిరొమొని దంపతులు, కమలా కృతివాసన్ గారితో కలిసి, ఈ ముగ్గులలోని గీతలకు వ్యాకరణమున్నదని గణితశాస్త్ర పద్ధతిని నిరూపించి పత్రము ప్రకటించిరి. నేను జీవితమంతయు వ్యాకరణము చెప్పితిని. మా యింటి యెదుట ముగ్గువేయు ముసలమ్మ వ్రేళ్లలో వ్యాకరణమున్నదని నాకు తెలియుటకు నలువదియేండ్లు పట్టినది.

ఇక ఆ పిల్లవాని సంగతి. వాడు పదవ తరగతి పిమ్మట చదువు మాని మదనపల్లెలో నొక పెయింటరు దగ్గఱ చేరెను. ఎనిమిదేండ్లు గడచినవి. ఒకనాడు బాటప్రక్క క్రొత్తగా పెట్టిన కఱ్ఱల డిపో ముందు నిచ్చెనమీద నొక యువకుడు బోర్డు వ్రాయుచుండెను. నన్ను చూచి గబగబ దిగి, కుంచె పట్టుకొన్న చేతితోనే నమస్కరించి, "అయ్యవారూ, బాగుండారా?" అనెను. వాడే. నాకు సిగ్గు కలిగెను. సిగ్గును కప్పిపుచ్చుకొనుటకు అక్షరములవైపు చూచితిని. తప్పు పట్టుట పండితుల జబ్బు కదా. ఒక్క తప్పును దొరకలేదు. పైగా 'కఱ్ఱ' యను మాటకు బండిఱ వ్రాసి యున్నాడు. "ఏమిరా, ఈ దినములలో శకటరేఫము వ్రాయువారున్నారా?" అంటిని. "మీరే కదా అయ్యవారూ, గుఱ్ఱానికీ కఱ్ఱకీ బండిఱ అని చెప్పింది" అనెను. ఆ దినము నా బెత్తము వానికి జ్ఞాపకమున్నదో లేదో కాని నా పాఠము జ్ఞాపకమున్నది.

ఆ నిచ్చెన క్రింద నిలువబడి వాని పని చాలసేపు చూచితిని. ముందు పలకను గీకి, నునుపు చేసి, అడుగురంగు పూసి ఆఱనిచ్చిరి. సుద్ద పూసిన దారమును రెండు కొనలయందు బిగబట్టి, నడుమ లాగి విడిచినచో తిన్నని గీత పడినది. ఆ గీతల నడుమ అక్షరములు కుదురవలెను. నాగరిలిపికి పైన అడ్డగీత కలదు. అక్షరములు దానికి వ్రేలాడును. మన తెలుగక్షరములు గుండ్రనివి; దేనికది తన కాళ్లమీద నిలువవలెను. గుళ్లు పైకి పోవును, ఒత్తులు క్రిందికి దిగును. "అన్నిటికంటే శ్రీ కష్టం అయ్యవారూ. శ్రీ కుదిరితే బోర్డంతా కుదురుతుంది" అని వాడు చెప్పెను. పెద్ద బొమ్మ వేయవలసినచో చిన్న పటముమీద గళ్లు గీసి, గోడమీద అన్నియే పెద్ద గళ్లు గీసి, ఏ గడిలోని గీతను ఆ గడిలోనికి దించును. చూచుటకు సులభముగా తోచును. నిచ్చెనమీద నున్నవానికి గోడమీద తన చేతివెడల్పు మాత్రమే కనబడును. బొమ్మ యంతయు మనసులో నుండవలెను.

"నీకు బొమ్మలు నేర్పిన గురువెవరురా?" అని యడిగితిని. "చందమామ" అనెను. ఈ మాట నన్ను చాల ఆలోచింపజేసినది. చందమామ పత్రిక 1947 జూలైలో మదరాసునుండి వెలువడసాగినది. అందు చిత్రా, శంకర్ మున్నగువారు కథలకు బొమ్మలు వ్రాసిరి. కత్తి చేతబట్టి, శవమును భుజముపై వేసికొని నడచు విక్రమార్కుని శంకర్ గారు వ్రాసిన తీరు ఎఱుగనివారు మనలో నుండరు. ఆయన 1924లో పుట్టి 2020లో గతించిరి. శ్రీకాకుళమున పుట్టిన వడ్డాది పాపయ్యగారు ఆ పత్రికకు వ్రాసిన ముఖచిత్రములను చించి గోడకంటించుకొన్న యిండ్లు మన పల్లెలలో నెన్ని లేవు? నరసాపురమున పుట్టిన బాపుగారు నాలుగు గీతలలో మనిషిని నిలిపిరి. వారి బుడుగు బొమ్మయు, వారి చేతివ్రాతయు తెలుగువారి కంటికి చుట్టములైనవి. ఆ చేతివ్రాత అచ్చక్షరములై పెండ్లి శుభలేఖలదాక వచ్చినది. 1967లో బాపుగారు తీసిన సాక్షి చిత్రముతో పాలకొల్లువారగు ఈశ్వర్ గారు సినిమా పోస్టర్లు వ్రాయుట మొదలిడి వేలకొలది చిత్రములకు రూపము దిద్దిరి.

వీరి బొమ్మలను కొని యింట పెట్టుకొనుటకు మాబోటివారికి స్తోమతు లేదు. అయినను అవి మా వీథికి వచ్చినవి. ఎట్లు వచ్చినవి? పత్రికలో నచ్చయిన బొమ్మ మదనపల్లె పెయింటరు కంటబడెను. కంటినుండి కుంచెలోనికి దిగి, మంగలి యంగడి తలుపుమీదికి, పాలబూతు గోడమీదికి, లారీ వెనుక పలకమీదికి ఎక్కెను. లారీమీద దూడను నాకుచున్న యావును చూచినపుడు, దాని కన్ను పాపయ్యగారి బొమ్మలోని కన్నువలె నున్నదని మీకెప్పుడైన తోచినదా? తోచినచో మీరు పొరపాటు పడలేదు. పెద్ద చిత్రకారుని విద్యను పల్లెవఱకు మోసికొనివచ్చిన కూలివాడు పెయింటరు. వాడు లేనిచో ఆ విద్య పుస్తకముననే నిలిచిపోయెడిది.

2000 సంవత్సరము దాటిన పిమ్మట ఫ్లెక్సీ వచ్చెను. నేను దానిని ఊరక నిందింపను. ఒక గంటలో అచ్చగును. వెల తక్కువ. బీదవాడు కూడ తన బిడ్డ నామకరణమునకు నిలువెత్తు పటము కట్టుకొనగలుగుచున్నాడు. అందులోని యానందమును కాదనుటకు నేనెవడను? నా పదవీవిరమణ దినమున తోడి యుపాధ్యాయులు నాకును ఫ్లెక్సీ కట్టిరి. వారి ప్రేమ నిజమైనది. కాని దానిమీద 'శుభాకాంక్షలు' అనుటకు మారుగా 'శుభాకాంశలు' అని యుండెను. ముప్పదియేండ్లు అక్షరములు దిద్దినవాని నెత్తిమీదనే ఆ తప్పు వ్రేలాడెను. యంత్రము వ్రాసినదానిని దిద్దుటకు కుంచెయు లేదు, వ్రాసినవాడును లేడు.

రెండేండ్ల తరువాత టమోటాల సంతకు పోయితిని. ఒకచోట పెట్టెల కుప్పపై వానకు పట్ట కప్పియుండెను. దానిమీద తలక్రిందులుగా నొక ముఖము. ఎవరో యని వంగి చూచితిని. నేనే. నా ఫ్లెక్సీయే. చేతులుమారి అచ్చటికి చేరినది. పెట్టెలు మోయుచున్న నడివయసు హమాలీ యొకడు నన్ను చూచి నవ్వాపుకొనుచు, "తిరగేసి కప్పమంటారా అయ్యవారూ?" అనెను. తలగుడ్డ క్రింద ముఖము పోల్చుకొంటిని. ఆ బొగ్గు బాలుడే, ఆ కఱ్ఱల డిపో పెయింటరే. "కుంచె యేమాయెరా?" అంటిని. "గంటకు పది ఫ్లెక్సీలు అచ్చేస్తారయ్యవారూ. నేను రోజుకొక బోర్డు రాస్తాను. ఇంక నన్నెవురు పిలుస్తారు?" అనెను. ఆ మాటలో కోపము లేదు. గోడ తుడుచునాడును వానికి కోపము రాలేదు. మొదట నేను తుడిపించితిని, పిమ్మట కాలము తుడిపినది. రెండుసార్లును వాడు నిలిచి చూచెను.

పెద్దలారా, ఇది ఒక్కని కథ కాదు. మీ యూరి సంతలోను అట్టివా డొకడుండును. కాలము మాఱినచో వృత్తులు మాఱును. అందుకు ఏడ్చి లాభములేదని మీరనవచ్చును. నేనును అట్లే యనుకొంటిని. కాని పట్టణములలో జరుగుచున్న పని వినిన పిమ్మట నా యభిప్రాయము మార్చుకొంటిని.

2014లో ఢిల్లీలో స్టార్ట్ ఇండియా అను సంస్థ పుట్టెను. దానిని స్థాపించినవారిలో హనీఫ్ కురేషి యొకరు. ఆయన 2024లో నడివయసుననే గతించెను. ఆయన మొదట చేసిన పని యేమనుకొనుచున్నారు? ఊరూర తిరిగి, బోర్డులు వ్రాయు పెయింటర్ల చేత అక్షరములు వ్రాయించి, ఆ అక్షరరూపములు నశింపకుండ కంప్యూటరు అక్షరములుగా భద్రపఱచెను. మన మదనపల్లె పెయింటరు వంటివారే ఆయనకు గురువులు. ఆ సంస్థవారు ఢిల్లీలో లోధీ కాలనీ గోడలను బొమ్మలతో నింపిరి. 2016లో హైదరాబాదునకు వచ్చి, రాజభవనమునకు సమీపమున పేదలు కాపురముండు మక్తా అను పేటలో ఇండ్ల గోడలమీద పెద్ద పెద్ద బొమ్మలు వ్రాయించిరి. హైదరాబాదుననే స్వాతి, విజయ్ అను చిత్రకార దంపతులు మన తెలుగు పల్లె స్త్రీలను, బొట్టుతో, ముక్కుపుడకతో, మేడంత యెత్తున గోడలమీద నిలుపుచున్నారు. నగరమున కారులో పోవువాడు తలయెత్తి మన పల్లెటూరి అవ్వ ముఖమును చూచుచున్నాడు. మన పల్లెలో మనము తలయెత్తినచో కనబడునది నాయకుల ఫ్లెక్సీ.

సీమదేశములలో వీథిచిత్రమునకు వచ్చిన విలువ వింతగా నుండును. ఆంగ్లదేశమున బ్యాంక్సీ యను మాఱుపేరుతో ముఖము చూపక గోడలపై వ్రాయు చిత్రకారు డొకడు కలడు. 2018 అక్టోబరులో లండనునందు అతని పటమొకటి వేలమున పదిలక్షల పౌనులకు పైబడి అమ్ముడుపోయిన మఱుక్షణముననే, చట్రములో దాచిన యంత్రము ఆ పటమును సగముదాక చీలికలు చేసెను. లోకమంతయు ముక్కుమీద వ్రేలు వేసికొనెను. తాను వ్రాసిన బొమ్మను తానే చెఱుపుట యేమి చిత్రమని పత్రికలు వ్రాసెను. మన ముసలమ్మ ప్రతి యుదయము చీపురుతో ఆ పనియే చేయుచున్నది. ఆమెను గుఱించి యే పత్రికయు వ్రాయలేదు.

వినోదము మాట విడిచి ప్రయోజనము మాట చెప్పుదును. మెక్సికో దేశమున 1921లో హోసే వాస్కొన్సెలోస్ విద్యామంత్రి యయ్యెను. జనులలో చాలమందికి చదువు రాదు. ఆయన ప్రభుత్వ భవనముల గోడలను చిత్రకారుల కప్పగించెను. డీగో రివేరా మున్నగువారు ఆ గోడలమీద రైతుల జీవితమును, గనికూలీల కష్టమును, తమ దేశచరిత్రను వ్రాసిరి. గోడ బడి యయ్యెను. మన దేశముననే 1938లో గుజరాతునందలి హరిపురలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, గాంధీగారి కోరికమీద శాంతినికేతనమునుండి నందలాల్ బోసుగారు వచ్చి చేతిపనివారిని, వ్యవసాయదారులను, వంటచేయు స్త్రీలను, డోలు వాయించువానిని పల్లెవారి రంగులతో వ్రాసి, సభాప్రాంగణమున ఆరుబయట కట్టించిరి. వచ్చిపోవు పల్లెవాడు నిలిచి, తన బొమ్మను తాను చూచుకొనెను.

శాంతినికేతనమున విద్యాలయమును స్థాపించిన రవీంద్రకవికి మా మదనపల్లెతో చుట్టఱికము కలదు. 1919లో ఆయన ఇచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో విడిసి, జనగణమన గీతమును ఆంగ్లములోనికి పరివర్తించిరి. ఇది మనమందఱము గర్వముతో చెప్పుకొను సంగతి. తక్కువమంది చెప్పుకొను సంగతి యొకటి కలదు. ఆ మహాకవి కుంచెను దీక్షగా చేపట్టినది అఱువది దాటిన తరువాత. ఆయన చిత్రములు మొదటిసారి పారిసునగరమున 1930లో ప్రదర్శింపబడెను. అఱువదేండ్లకు బుద్ధి మార్చుకొనవచ్చునని నాకు ధైర్యమిచ్చినది ఆ సంగతియే.

గడచిన సంక్రాంతికి ముందు నేను మా పూర్వవిద్యార్థిని పిలిపించి, మా యింటి ప్రహరీగోడ వీథివైపు చూపించి, "దీనిమీద బొమ్మ వ్రాయవలెనురా" అంటిని. సంతలో వానికి దినమునకు వచ్చు కూలి యెంతయో అడిగి, మూడు దినముల కూలి ముందుగానే చేత పెట్టితిని. విద్యగలవానిని ఊరకే వ్రాసిపెట్టుమనుట వాని యన్నము దొంగిలుటయే. "ఏమేయమంటారు?" అనెను. "నేను తుడిపించినది" అంటిని. వాడు చాలసేపు మాటలాడలేదు. "అదెప్పుడో మర్చిపోతినయ్యవారూ" అనెను. మఱునాడు బొగ్గుముక్క చేతబట్టి గోడముందు నిలుచుండెను. మఱచిన చేయి యెచ్చటను తడబడలేదు. రాక్షసులు వచ్చిరి, భేరి వచ్చెను, ఏనుగులు నాలుగును వచ్చినవి. రంగులద్దెను. ముక్కును వచ్చెను. కళ్లజోడు మాత్రము రాలేదు. ఏమిరా యనగా, "పెద్దోళ్లు మీరు. ఊర్లో నవ్వుతారు" అనెను. "నవ్వనీ. పెట్టుము" అంటిని.

ఇప్పుడు బడికి పోవు పిల్లలు మా గోడయొద్ద నిలిచి, బొమ్మను చూచి, నన్ను చూచి, నవ్వి పోవుచున్నారు. ఇద్దఱు ముగ్గురు లోనికి వచ్చి కుంభకర్ణుని కథ చెప్పుమని యడిగిరి. బడిలో పిలిచి చెప్పినపుడు ఇంత శ్రద్ధ నేనెఱుగను. ఆ బొమ్మను చూచి ఊరివారిద్దఱు తమ యంగళ్లకు బోర్డులు వ్రాయించుకొనిరి. దీనితో వాని బ్రతుకు మాఱెనని చెప్పను. వాడు నేటికిని పెట్టెలు మోయుటకే పోవుచున్నాడు. కాని కుంచెలను కడిగి, ఆఱబెట్టి, మరల ఇంట పెట్టుకొన్నాడు.

ఒక మాట హెచ్చరికగా చెప్పవలెను. గోడ కనబడిన ప్రతివాడు వ్రాయవచ్చునని నా తాత్పర్యము కాదు. పాత కోటలమీదను, గుళ్ల స్తంభములమీదను తమ పేర్లు చెక్కువారు చిత్రకారులు కారు. ఇంటివాని నడుగక గోడలను తమ నినాదములతో నింపు పార్టీలవారును, ప్రకటనలవారును చిత్రకారులు కారు. గోడ యజమానుని యనుమతియు, బాటసారియందు మర్యాదయు ఉన్నదే చిత్రము. తక్కినది చెఱుపు. నా బాల చిత్రకారుడు అనుమతి యడుగకుండుట తప్పే. కాని అడిగినచో ఇచ్చుటకు బడిలో గోడ యేదీ? ఆ తప్పు పెద్దలది.

కావున గ్రామపెద్దలైన మీకు నా విన్నపములు నాలుగు. మీ యూరి బడిలో ఒక్క గోడను పిల్లల బొమ్మలకు విడిచిపెట్టుడు. యేటికొకసారి సున్నము కొట్టినచో అది మరల క్రొత్తదగును. జాతరకును, పెండ్లికిని, పంచాయతీ సభకును ఫ్లెక్సీల కగు వ్యయములో కొంత తీసి, మీ ప్రాంతపు పెయింటరును పిలిచి, ఊరి మొగదల మీ గ్రామము పేరు చేతితో వ్రాయించుడు. 2022లో మన ప్రభుత్వమే ప్లాస్టిక్కు ఫ్లెక్సీలను నిషేధింప సంకల్పించి ప్రకటించెను. అది పర్యావరణము కొఱకు. పెయింటరు కొఱకు మీరు తలపెట్టుడు. మీ చెఱువును ఎవరు త్రవ్వించిరో, మీ గుడిని ఎవరు నిలిపిరో ఆ కథను రచ్చకట్ట యొద్ద గోడమీద వ్రాయించుడు. మీ తరువాతివారికి ఆ కథ చెప్పుటకు మీరుండరు, గోడ యుండును. కడపటిది మిక్కిలి చిన్నది. ధనుర్మాసమున ఆడుబిడ్డలు వీథిలో ముగ్గులు వేసినపుడు మీ మోటారుసైకిలును రెండు గజములు దూరముగా నిలుపుడు.

ఇరువదేండ్లుగా మన వీథులలో నాయకులు నవ్వుచున్నారు. ఇకనైన మన పిల్లలు నవ్వుదురు గాక. అందులకు మా గోడమీద నేను నిద్రించుచున్నాను. మీలో ఎవరైన కదిరి బాటను వచ్చినచో ఒక్కమారు నిలిచి చూచి పొండు.